అర్థమైందా అని అడిగే గది

టీ బడ్డీ దగ్గర నేను చెప్పే కథ ఇది. డిగ్రీ లెక్కల్లో రెండుసార్లు తప్పిన ఒకమ్మాయిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, పదిహేను రోజుల్లో తొంభై మార్కులతో గట్టెక్కించాను. ఆ కంప్యూటరు పాఠాలు తయారుచేసినవాళ్ళు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "మేష్టారూ, మీ పద్ధతేమిటో మాకూ చెప్పండి" అని బతిమాలారు. ఆలోచించి చెబుతానన్నాను.

ఇందులో నిజం ఎంతంటే, ఆ అమ్మాయి ఉంది. రెండుసార్లు తప్పింది. అంతవరకే. మిగిలింది టీ చల్లారేలోగా నేను కల్పించింది. బెంగుళూరు నుంచి నాకు జీవితంలో ఒక్కటే ఫోన్ వచ్చింది, అదీ రాంగ్ నంబరు.

జరిగింది జరిగినట్టు ఒక్కసారైనా రాసి పెట్టాలని ఇవాళ కూర్చున్నాను. డెబ్భై దాటాయి. కోతలు కోయడం నాకు పళ్ళు తోముకోవడంలాంటి అలవాటు. కానీ ఈ ఒక్క కోత కోసినప్పుడల్లా టీ సగంలో వదిలేసి లేచొచ్చేస్తున్నాను.

మా కాలేజీ కోనసీమలో ఉంది. ఏ ఊళ్ళోనో చెప్పను. చెబితే ప్రిన్సిపాల్ గారు నన్ను గేటు దాటనివ్వరు. ముప్ఫై నాలుగేళ్ళు అక్కడ లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ పిలిచారు. అవకలన సమీకరణాలు, అదే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, నాలాగ చెప్పేవాడు జిల్లాలో దొరక్క పిలిచారని చుట్టాలందరికీ చెప్పాను. అసలు సంగతి వేరు. ఉన్న కుర్ర లెక్చరరు విజయవాడలో ఏదో కోచింగ్ కాలేజీకి వెళ్ళిపోయాడు. కొత్తగా లెక్కల కోసం కంప్యూటర్ గది పెట్టారు. దానికి రోజూ తాళం తీసి, వేసి, తాళంచెవి పారెయ్యకుండా ఉండే మనిషి కావాలి. అదీ నా అర్హత.

ఆ కంప్యూటరు పాఠాలు మాత్రం, ఇక్కడ పెంచి చెప్పడం లేదు, గొప్పవి. నేను అన్నేళ్ళూ నల్లబల్ల మీద నాలుగు వంకర గీతలు గీసి, "ఇలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి, ఊహించుకోండి" అని చేతులు దులుపుకున్నదాన్ని అది కళ్ళెదుట పరిచేసింది. తెర నిండా గడ్డిపోచల్లాంటి చిన్న చిన్న గీతలు. ఒక్కో చోట ఒక్కో వాలు. ఈదురుగాలికి వాలిన వరిచేను మేడ మీంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మౌస్‌తో ఎక్కడైనా ఒక చుక్క పెడితే, అందులోంచి ఒక వంపు గీత బయల్దేరి, ఆ వాలు పట్టుకుని, కాలవలో గుర్రపుడెక్క మొక్క కొట్టుకుపోయినట్టు సాగిపోతుంది. చుక్క జరిపితే గీతా జరుగుతుంది. సమీకరణంలో ఒక అంకె మారిస్తే చేనంతా ఇంకోవైపు వాలుతుంది. పిల్లలు రాకముందు నేనొక్కణ్ణే కూర్చుని గంటసేపు చుక్కలు పెట్టుకున్నాను. కళ్ళు తడిశాయి. చెప్పకూడదు కానీ, కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

పాఠం మెట్లు మెట్లుగా ఉంటుంది. ప్రతి మెట్టు చివరా ఒక ఆడగొంతు, చాలా మర్యాదగా, "అర్థమైందా?" అని అడుగుతుంది. కింద రెండు బొత్తాలు: ఔను, లేదు. ఔను నొక్కితే తర్వాతి మెట్టుకి తీసుకెళుతుంది. లేదు నొక్కితే ఒక మెట్టు కిందికి దింపి, అదే సంగతి ఇంకా చిన్న ముక్కలు చేసి చెబుతుంది. అప్పటికీ లేదంటే ఇంకా కిందికి దింపుతుంది. ఎన్నిసార్లు లేదన్నా విసుక్కోదు. అధ్యాయం చివర లెక్కలు కూడా ఇస్తుంది గానీ, "సూచన" అన్న బొత్తాన్ని మూడుసార్లు నొక్కితే జవాబు అదే చెప్పేస్తుంది. ఆ కిటుకు మా పిల్లలు మొదటి వారంలోనే కనిపెట్టారు.

నా బల్ల మీద పెద్ద తెర ఒకటి. దాని మీద పిల్లలందరి వరసలూ కనిపిస్తాయి. ఔను అన్నచోట పచ్చ గడి, లేదన్నచోట ఎర్ర గడి. ఎర్రగా కనిపించిన పిల్ల దగ్గరికి మేష్టారు లేచి వెళ్ళాలి. అదీ ఏర్పాటు.

అది కట్టినవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. మా వైపు ఎవరైనా పెద్దవాళ్ళు, పైగా మర్యాదగా, "అర్థమైందా" అని అడిగితే లేదనరు. "ఆయ్" అంటారు. ఆయ్ అంటే ఔనని మాత్రమే అనుకుంటే పొరపాటు. విన్నానండి, మీ మాట కాదంటానాండి, తమరు చెప్పేక ఇంకేముందండి, ఇంక నన్నొదిలెయ్యండి, ఇవన్నీ అందులో ఉన్నాయి. డాక్టరు దగ్గర, ఎమ్మార్వో ఆఫీసులో, వియ్యాలవారి ముందు, అంతటా దాంతోనే నెట్టుకొచ్చేస్తాం. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల క్లాసులో ఆ ఆయ్ విని నేనే నమ్మాను. యంత్రం నమ్మడంలో వింతేముంది?

ఇరవై కంప్యూటర్లు ఒకేసారి మొదలుపెట్టినా కాస్త ముందూ వెనకా అవుతాయి. ఒక మూల "అర్థమైందా?" అని వినిపిస్తుంది. అది ముగియకముందే కిటికీ పక్కన "అర్థమైందా?" వెనక వరసలో "అర్థమైందా?" అన్నీ ఒకే గొంతు. వాటి మధ్యలో పిల్లల ఆయ్, ఆయ్, ఆయ్. పాపం, పైకే అనేవాళ్ళు, అని ఔను నొక్కేవాళ్ళు. మొదటి నెల నాకు నవ్వొచ్చేది. రెండో నెలకి అది వినలేక వరండాలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎందుకంటే ఒకరోజు ఊరికే ఒక కుర్రాడి వెనక నిలబడి, తెర మీద గడ్డిపోచల్ని చూపించి, "ఇవేమిట్రా?" అనడిగాను.

"గీతలండి," అన్నాడు.

"గీతలే. ఏం చెబుతున్నాయి?"

కుర్రాడు తెరవంకా నావంకా చూసి, "ఆయ్" అన్నాడు.

వాడి వరస ఆ చివర నుంచి ఈ చివరిదాకా పచ్చగా ఉంది.

ప్రిన్సిపాల్ గారు ఆ తెర చూసి మురిసిపోయేవారు. బయటివాళ్ళెవరొచ్చినా ముందు మా గదికే తీసుకొచ్చేవారు. "ఒక్క ఎర్ర గడి చూపించండి, చూద్దాం" అనేవారు సవాలుగా. నా భుజం తట్టి, "అంతా మా మేష్టారి చలవండి" అనేవారు. నేను తలొంచుకుని నిలబడేవాణ్ణి, వినయంగా ఉన్నట్టు. ఆ పూట మాత్రం అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

ఇక ఆ అమ్మాయి సంగతి. కిటికీ పక్క కంప్యూటరు ఆమెది. మూడో ఏడు చదువుతోంది. మొదటి ఏడాది లెక్కల పేపరొకటి, ఈ అవకలన సమీకరణాలదే, రెండుసార్లు తప్పింది. మిగిలినవన్నీ పాసు. తండ్రి అంబాజీపేటలో కొబ్బరి కళ్ళంలో కాయలు ఏరుతాడు, ఒలుస్తాడు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. పిల్ల ఆరో తరగతిలో ఉండగా వెళ్ళింది. ఆ తల్లి ఫోన్లో ఖచ్చితంగా చెప్పేసిందట: ఈసారీ తప్పితే ఇంక ఇంట్లో కూర్చోబెట్టను, మా పక్కింటి మేడమ్‌కి మనిషి కావాలి, వీసా పంపిస్తుంది, వచ్చెయ్యి.

ఈ పిల్లకి బీఈడీ చేసి లెక్కల టీచరవ్వాలని. ఒకరోజు నాతో తనే అంది. "మా యమ్మ అంట్లు తోమి చదివించిందండి. నేనూ ఎళ్ళి అంట్లే తోమితే దాని కష్టం ఎటు పోయినట్టండీ?"

"నువ్వు పాసవుతావమ్మా. పూచీ నాది," అన్నాను. పూచీలివ్వడం నాకు మహా సరదా.

దసరా సెలవులయ్యాక తండ్రి కాలేజీకి వచ్చాడు. గదిలోకి రాకుండా గుమ్మం అవతలే చెప్పులు విడిచి నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, అరచేతులు కొబ్బరి పీచులా ఉన్నాయి.

"మేష్టారండీ, మా పిల్ల ఈసారి గట్టెక్కుద్దాండి?"

నాకెంత హుషారొచ్చిందో! లోపలికి లాక్కొచ్చి పెద్ద తెర ముందు నిలబెట్టాను. "ఇదిగో, ఈ వరస మీ అమ్మాయిది. చూడండి, మొదట్నుంచి చివరిదాకా పచ్చగా ఉందా? ఒక్కటైనా ఎర్రదుందా?"

చాలాసేపు చూశాడు. "పచ్చగానే ఉందండి."

"మరి?"

"ఏం లేదండి. మా యాపారంలో పచ్చగా ఉందంటే కాయింకా ముదరలేదనండి." మళ్ళీ తనే చప్పున నాలిక్కరుచుకుని, "తమరు చదూకున్నోరు. తమరికి తెల్వదాండి," అన్నాడు.

నేను పెద్దగా నవ్వేశాను. ఆయన కూడా నవ్వాడు గానీ, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "పొద్దున్నే పైకి చదూద్దండి మా పిల్ల. నేను ఇంటూ ఉంటాను. నాకు లెక్కలేం తెల్వవండి. కానీ ఆ చప్పుడు నాకు నచ్చటం లేదండి."

ఆయన వెళ్ళాక నవ్వు రాలేదు.

ఆ వారమే నేను పాత పద్ధతిలో కాగితం మీద ఒక చిన్న పరీక్ష పెట్టాను. కంప్యూటర్లన్నీ కట్టేసి, తలో తెల్లకాగితం ఇచ్చి, ఒక్కటే లెక్క. బయట వాయుగుండం పట్టి మూడు రోజులైంది. కిటికీ అవతల కొబ్బరిచెట్లు తలలు విరబోసుకుని ఒకే వైపుకి ఊగుతున్నాయి. గదిలో పెన్నుల చప్పుడు వినాలి కదా. వినిపించలేదు. యూపీఎస్ మాత్రం కూ, కూ అని నిమిషానికోసారి అరుస్తోంది.

కాగితాలు తీసుకుని చూశాను. అందరూ మొదటి వరస రాశారు. అందరిదీ ఒకే వరస, తెర మీద కనిపించినది కనిపించినట్టు. రెండో వరస ఎవరూ రాయలేదు. ఆ అమ్మాయి కాగితం మీద కూడా అంతే. కింద పెన్ను ఆనించి ఆనించి ఒక నీలం మచ్చ పడింది.

ప్రిన్సిపాల్ గారు వరండాలో ఎదురుపడి, "ఏదో పరీక్ష పెట్టేరంట కదా, ఎలా రాసేరు?" అనడిగారు.

"బ్రహ్మాండంగానండి," అన్నాను.

ఆ కాగితాలు బీరువా అడుగున, పాత గ్లోబు వెనక పెట్టి తాళం వేశాను. తాళంచెవి పోగొట్టని మనిషినని చెప్పాను కదా.

పరీక్షలకి పదిహేను రోజులుంది. ఆదివారం మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. గొడుగు తీసుకుని అంబాజీపేట బస్సెక్కాను. పిల్లని హెచ్చరించడానికి వెళ్ళానని అప్పట్లో ఇంట్లో చెప్పాను. నిజానికి ఎందుకెళ్ళానో కళ్ళం దగ్గర దిగేదాకా నాకే తెలియదు.

షెడ్డులో కాయలు కొండలా పోసి ఉన్నాయి. ఆదివారమైనా లోడు వెళ్ళాలని తండ్రి పనిలోనే ఉన్నాడు. కురిడీలు ఏరుతున్నాడు. కురిడీ అంటే నెలల తరబడి అటక మీద ఆగి, నీళ్ళన్నీ ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా మోగే కాయ. ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తున్నాడు, వేలి కణుపుతో కొడుతున్నాడు, ఇటో అటో విసురుతున్నాడు. కాయవంక చూడటం లేదు. కూతురు పక్కన పీట మీద కూర్చుని పుస్తకం పట్టుకుని గొణుక్కుంటోంది. చర్చిలో ప్రార్థన నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల చున్నీ ఇంకా తల మీదే ఉంది.

నన్ను చూసి ఇద్దరూ లేచారు. కూర్చోమన్నాను. ఏం మాట్లాడాలో తెలియక, "ఎలా తెలుస్తుందండీ మీకు?" అని కాయల్ని చూపించాను.

"మూడు చప్పుళ్ళుంటాయండి. నీళ్ళున్నదొకటి, ఎండిందొకటి, కుళ్ళిందొకటి. నీళ్ళుండగా పగలగొట్టేమనుకోండి, కొబ్బరీ కాదు, కురిడీ కాదు." ఒకటి నా చెవి దగ్గర ఆడించాడు. నాకేం తెలియలేదు. "ఇందాకట్నించీ పిల్ల చదూతుంటే ఇంటున్నానండి. లోపల నీళ్ళు కదులుతున్నాయండి మేష్టారూ. తమరేమో తెర చూపించేరు."

ఆ మాటతో నాలో ఉన్న గాలంతా పోయింది.

ఇంతవరకూ ఈ కాగితం మీద కూడా నేనొక సంగతి దాచాను. మా వైపువాళ్ళ మర్యాదే కొంప ముంచిందన్నట్టు రాసుకొచ్చాను. మర్యాద ఉన్న మాట నిజమే. కానీ మొదటి రోజు జరిగింది ఇది. గది తెరిచిన మొదటి గంటలో, ఆ ఆడగొంతు మొదటిసారి "అర్థమైందా?" అని అడిగినప్పుడు, పిల్లలందరూ చేతులు కట్టుకుని నావంక చూశారు. కిటికీ పక్కన ఆ అమ్మాయి ఒక్కతే మౌస్ కదిపింది. బాణం గుర్తు 'లేదు' బొత్తాం మీదికి వెళ్ళింది. నేను వెనకే నిలబడి ఉన్నాను. అందరికీ వినపడేలా, "ఓసి నీ అసాధ్యం కూలా! అంత మర్యాదగా పెద్దావిడ అడుగుతుంటే మొహం మీదే లేదంటావుటే? మీ ఇంట్లో నేర్పలేదూ?" అన్నాను.

గది గదంతా ఘొల్లుమంది. నాకు క్లాసుని నవ్వించడం అంటే ప్రాణం. ఆ అమ్మాయి కూడా నవ్వింది. బాణం గుర్తు నెమ్మదిగా పక్కకి జరిగి ఔను మీద ఆగింది. ఆ రోజు తర్వాత ఆ గదిలో ఎవరూ 'లేదు' నొక్కలేదు. మూడు నెలలు. ఒక్కరు కూడా.

ఇదంతా కళ్ళంలో, కాయల మధ్య నిలబడి చెప్పాను. కాగితాలు బీరువాలో దాచిన సంగతి కూడా చెప్పాను. వాళ్ళిద్దరూ నన్ను తిడతారని అనుకున్నాను. తిడితే బాగుండును.

"తెలుసండి మేష్టారూ," అంది ఆ అమ్మాయి పుస్తకం మూసి. "ఆ రోజు నిజంగా అర్థం కాలేదండి. అడుగుదామనే అనుకున్నానండి. తమరు నవ్వేరు కదండీ, ఇంక ఔను నొక్కేసేనండి."

తండ్రి చేతిలో కాయని ఏ కుప్పలోనూ వెయ్యకుండా కింద పెట్టాడు. షెడ్డు రేకుల మీద మళ్ళీ వాన మొదలైంది.

నేనే అన్నాను. "రెండు దారులున్నాయమ్మా. పదిహేను రోజులుంది. గైడు ఇస్తాను. వచ్చే ప్రశ్నలు గుర్తు పెడతాను. బట్టీ పట్టెయ్యి, పాసైపోవచ్చు. లేదూ, రోజూ మధ్యాహ్నం గది తెరుస్తాను. ఆవిడ అడిగినప్పుడల్లా నిజం నొక్కు. ఎక్కడిదాకా దింపుతుందో దిగుదాం."

"రెండుసార్లూ బట్టీయే పట్టేనండి," అంది. తండ్రివంక చూసింది. "రేప్పొద్దున్న పిల్లలకి చెప్పాలంటే ఎలాగూ దిగాలి కదండీ."

మర్నాటి నుంచి దిగడం మొదలుపెట్టాం.

నా జీవితంలో అంత భయపడ్డ మధ్యాహ్నాలు లేవు. "అర్థమైందా?" అంటుంది ఆ గొంతు. లేదు. ఒక మెట్టు కిందికి. "అర్థమైందా?" లేదు. ఇంకో మెట్టు. సమీకరణాన్ని దేనితో హెచ్చించాలో తెలుసు, ఎందుకో తెలియదు. లేదు. అక్కడ లాగరిథమ్ ఎందుకొచ్చింది? లేదు. అసలు లాగరిథమ్ అంటే? లేదు. ఇంటర్మీడియట్ దాటిపోయాం. ఘాతాలు. రెండుకి ఘాతం సగం అంటే ఏమిటి? చాలాసేపు చూసి, లేదు. పదో తరగతి దాటిపోయాం. నా పెద్ద తెర మీద ఆమె వరస ఎర్రగా పాకుతోంది, చుట్టూ మిగిలిన వరసలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. ఎంత లోతుందో తెలియని నూతిలోకి, తాడు పట్టుకున్నవాడు నేను, దిగుతున్నది ఆ పిల్ల. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నేనే తాడు వదులుతున్నాను. అడుగు లేకపోతే?

నాలుగో రోజు, సగాన్ని మూడో వంతుతో భాగిస్తే ఎంత అన్నచోట, ఆ గొంతు "అర్థమైందా?" అంది. ఆమె తెర మీది కడ్డీని జరిపి, ముక్కలు ఎన్ని పట్టాయో లెక్కపెట్టింది. మళ్ళీ జరిపింది. మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలింది.

"మేష్టారూ, కాలికి నేల తగిలిందండి."

ఔను నొక్కింది. అంతకుముందు ఆ గదిలో వేల ఔనులు విన్నాను. ఆయ్ అనకుండా నొక్కిన ఔను అదే మొదటిది.

అక్కణ్ణుంచి పైకి. పని అయ్యాక తండ్రి వచ్చి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె ప్రతి మెట్టూ పైకి వివరించి చెప్పేది, ఆయనకి. ఆయనకొక్క ముక్క తెలియదు. కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యలో వేలెత్తి, "ఇక్కడండి" అనేవాడు. సరిగ్గా అక్కడే ఆమెకి అనుమానం ఉండేది. నేను ముప్ఫై నాలుగేళ్ళు చెవులున్నా వినలేదని అప్పుడు తెలిసింది.

కానీ రోజులు పదిహేనే. దిగడానికి నాలుగు పోయాయి. పరీక్ష నాటికి ఇంటిగ్రేషన్ దాకా ఎక్కాం. అసలు పేపరున్న మెట్లు ఇంకా పైన ఉన్నాయి. ఆఖరి సాయంత్రం తండ్రి లేచి కండువా దులుపుకుంటూ, "ఇంకా కాస్త నీళ్ళున్నాయండి," అన్నాడు. ఎవరివంకా చూడలేదు.

పరీక్ష హాల్లోంచి బయటికొచ్చి ఆమె అన్నది ఇది: "తెలిసినవే రాసేనండి. తెలియనివి రాయబుద్ధి కాలేదండి."

ఫలితాలొచ్చాయి. పచ్చ వరసలవాళ్ళలో సగం పైగా గైడు బట్టీ పట్టి గట్టెక్కారు. గీతలంటే గీతలండి అన్న కుర్రాడు కూడా పాసయ్యాడు, నాకు జాంగ్రీలు తెచ్చాడు. ఆ అమ్మాయికి నాలుగు మార్కులు తక్కువొచ్చాయి.

తొంభై కాదు. పాసు కూడా కాదు. ఇంకా ఒకటి ఒప్పుకోవాలి. ఆ పదిహేను రోజులూ ఆమె కూడా గైడు పట్టుకుని ఉంటే ఆ నాలుగూ వచ్చేవేమో. మొదట నా హాస్యం ఆమె నోరు నొక్కేసింది. తర్వాత నా పశ్చాత్తాపం ఆమె పదిహేను రోజులూ తినేసింది. రెండూ నావే, నష్టం మాత్రం ఆ పిల్లది.

వీసా వచ్చింది. వెళ్ళే ముందు కాలేజీకి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, ఒక్కటే అడిగింది. "నా పాస్‌వర్డు తీసెయ్యకండి మేష్టారూ. ఫోన్లో కూడా వస్తుందంట కదండీ. సెలవు పెట్టి వచ్చినప్పుడు పరీక్ష రాస్తానండి. మేడమ్ గారు రెండేళ్ళకోసారి పంపిస్తారంటండి."

"అలాగేనమ్మా," అన్నాను. పూచీ అనలేదు.

రెండు నెలలు ఆమె వరస కదల్లేదు. పచ్చటి తెర మధ్యలో పాత ఎరుపు గడ్డకట్టినట్టు అలాగే ఉండిపోయింది. ఫోన్ లాక్కున్నారేమో, ఒంట్లో బాగాలేదేమో, ఆ ఇల్లు ఎలాంటిదో అని ఏవేవో తోచేవి. తండ్రి నాలుగైదు రోజులకోసారి వచ్చి గుమ్మం అవతల నిలబడేవాడు. "ఏమన్నా కదిలిందాండి?" లేదని తల అడ్డంగా ఊపేవాణ్ణి. "ఫోన్లో బానే ఉన్నానంటుందండి. ఆ చప్పుడు నాకు నచ్చటం లేదండి," అని వెళ్ళిపోయేవాడు.

తర్వాత ఒక శుక్రవారం, అక్కడ సెలవు రోజు కదా, పదకొండు గంటలకి నేను చూస్తుండగానే ఆ వరసలో ఒక కొత్త గడి వెలిగింది. ఎర్రది. కాసేపటికి ఇంకోటి. అదీ ఎర్రదే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అప్పుడొక పచ్చది. నేను తాళం కూడా వెయ్యకుండా అంబాజీపేట బస్సెక్కేశాను, తండ్రికి చెప్పడానికి.

అప్పట్నుంచి శుక్రవారాలు చూస్తున్నాను. కొన్ని వారాలు వస్తుంది, కొన్ని వారాలు రాదు. రాని వారం నాకు అన్నం సయించదు. ఇప్పటికి ఇంటిగ్రేషన్ దాటి రెండు మెట్లెక్కింది.

మొన్న ప్రిన్సిపాల్ గారు పెద్ద తెర ముందు నిలబడి మొహం చిట్లించారు. "ఈ ఎర్ర వరసేంటండి మేష్టారూ? వెళ్ళిపోయిన పిల్లది కదా. సోమవారం పైనించి చూడ్డానికొస్తున్నారు. అదొక్కటీ పంటికింద రాయిలా ఉంది. తీసెయ్యండి."

అప్పుడు నేనేమన్నానో టీ బడ్డీ దగ్గర ఆల్రెడీ చెప్పేశాను. బల్ల గుద్ది, "ఈ గదిలో నిజమైన వరస అదొక్కటేనండి. అది తీస్తే నన్నూ తీసెయ్యండి!" అన్నానని. విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన నా టీకి తనే ఇచ్చేశాడు.

నేనలా అనలేదు. "ఆయ్" అన్నాను.

తీయలేదు. ఎలా తీయాలో నాకు తెలుసు. మూడు బొత్తాలు నొక్కితే చాలు, ఆ వరసా, ఆ పాస్‌వర్డూ రెండూ పోతాయి. రోజూ గది తెరిచి దాన్ని చూస్తాను, సాయంత్రం తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి పోతాను. లోపల ఇరవై గొంతులు అడుగుతూనే ఉన్నాయి, కొత్త బ్యాచి పిల్లలు ఆయ్ అంటూనే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి చేతైనా 'లేదు' నొక్కించాలని రోజూ అనుకుంటాను. ఇంతవరకూ నా వల్ల కాలేదు.

ఇవాళ శుక్రవారం. ఆకాశం మళ్ళీ మూసుకొచ్చింది. పదకొండు దాటింది, వరస ఇంకా కదల్లేదు. ఇందాక ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోంచి తల లోపల పెట్టి, "మేష్టారూ, సోమవారం వచ్చేస్తున్నారు. అది తీసేసేరా?" అనడిగారు.

ఆయ్ అన్నాను.